సీటు ఎందుకు దిగలే

అక్టోబర్ 6, సోమవారం

ఇది నేను పని చేసే కాలేజ్ వర్క్‌షాప్‌ల లేత్ మిషన్ లాగ్‌బుక్. లేత్ ఖరాబై రెండేండ్లు దాటింది, పుస్తకం సగం ఖాళీగనే ఉన్నది. ఇంట్ల రాస్తే మమ్మీ చదువుతది. అడిగితే "బైబిల్ వాక్యం ఏమన్న రాసుకున్నవేమో అని చూసిన బిడ్డా" అంటది. అందుకే గీడ, లంచ్ టైంల గాని, రాత్రిళ్లు, ఆదివారాలు తాళం తీసుకొని వచ్చి గాని, తలుపు దగ్గరికేసుకొని రాస్తున్న.

ఇయ్యాల దవాఖానల డాక్టర్, మా చెల్లె రాహేలు భుజాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, ఎముక మంచిగ అతికింది, సైకిల్ తొక్కొచ్చు అన్నడు. సైకిల్ మీదకెల్లి పడ్డ జులై 26 నుంచి పట్టీ, మాత్రలు, జడ గూడ మమ్మీనే ఎయ్యాలె. ఆటో ఎక్కకముందే రాహేలు షురూ చేసింది. "అన్నా, నవంబర్ 22 సెలక్షన్. ఇంక నలభై ఏడు రోజులే."

గుట్టల మీద సైకిల్ తొక్కుడుకు ఇరవై మూడేండ్ల లోపు వాళ్ల స్టేట్ టీం. వచ్చే యేడు రాహేలుకు వయసు దాటుతది. టీంల పేరొస్తే స్పోర్ట్స్ కోటాల రైల్వేకు పెట్టుకోవచ్చు. రాకపోతే ఎంపీఎడ్ పట్టా పట్టుకొని ఏదో స్కూల్ల పిల్లలతోని డ్రిల్ చేపించుకుంట బతకాలె. "ఇదే ఆఖరు" అని లాలాగూడ వచ్చేదాక మూడుసార్లు అన్నది. నాకు తెల్వదా?

కొత్త డ్రాపర్ పోస్ట్ చూడమన్నది. ఖరీదు ఎక్కువ ఉండొద్దట, ఖరాబైతే మనమే విప్పి బాగుచేసుకునేటట్టు ఉండాలెనట. మమ్మీ మల్ల అడిగింది, గా పైపు ఏంది అని. పదిసార్లు చెప్పిన. సీటు కింద ఉండే పైపు. హ్యాండిల్ మీద మీట నొక్కి కూసుంటే సీటు దిగుతది, మల్ల నొక్కితే లేస్తది. నిట్టనిలువు దిగుడుల సీటు అడ్డం రాకుంట ఉండనీకి.

"ఆరోజు దిగలేదన్నది గదేనా?"

"గదే."

"ఈసారి మంచిది చూడు."

నేనేదో పోయినసారి కావాలని చెడ్డది తెచ్చినట్టు! పాతది నాసి సామాను. అంతే.

అక్టోబర్ 8, బుధవారం

ఫ్రేం పైపు లోపలి కొలత వెర్నియర్ పెట్టి మూడుసార్లు చూసిన. 30.9. ఒక్క పాయింటు తేడా వచ్చినా పట్టది, లేకపోతే కదులుతది. రాహేలు కాలు పొడుగుకు సీటు నూట ఇరవై ఐదు మిల్లీమీటర్లు దిగితే చాలు. నూట యాభై పెడితే పైపు కింద వంపుకు తాకుతది.

యూట్యూబ్‌ల తెల్లోళ్లు ఒక్కొక్కడు అరగంట మాట్లాడుతడు. చవకది, మంచిది అంటడు. వాని చవక నా రెండు నెలల జీతం.

చూసిన వరకు రెండు రకాలు. ఒకటి లోపల గ్యాస్ గొట్టం సీలు చేసి ఉంటది. విప్పరాదు. పోతే పడేసి ఇంకో గొట్టం తెప్పించుకోవాలె, అది వచ్చేటాలకు నెల. రెండోది మామూలు పానాలతోని విప్పొచ్చు, కడగొచ్చు, రబ్బరు సీళ్లు మార్చి గ్రీజు పెట్టొచ్చు. రాహేలు అడిగేది గీ రెండోది. పాతది గూడ గీ రకమే.

నాకైతే సీలు చేసిందే నయం అనిపిస్తున్నది. విప్పుడు, చూసుడు, గీ పంచాయితంతా ఎందుకు?

అక్టోబర్ 11, శనివారం

తార్నాకల నాగేష్ షాప్‌కు పోయిన. హాస్టళ్ల గల్లీల ఉంటది, మెట్రో స్టేషన్‌కు నాలుగడుగులు. క్యాంపస్‌ల సైకిల్ తొక్కేటోళ్లందరికి నాగేషే దిక్కు. నన్ను చూస్తే ఎక్కిరించకుంట ఉండడు, నేను కాలేజ్ టెక్నీషియన్ అని.

"ఏం సార్, యూనివర్సిటీల పానాలు లేవా, గీడికొచ్చిండ్రు?"

డ్రాపర్ కావాలన్న. పదివేల లోపల.

"కొత్తదెందుకు? పాతది పట్కరా. విప్పుదాం. సీళ్లు నా దగ్గరనే ఉన్నయ్, నూనె ఉన్నది. రెండు గంటల పని."

"అది బేకార్ పీస్. దాని వల్లనే పడ్డది."

"బేకార్ అని నువ్వు విప్పి చూసినవా?"

"చూసుడేంది, దిగలేదు గదా."

"దిగకపోతే ఎందుకు దిగలే అనేది లోపల రాసి ఉంటది భయ్. విప్పకుంట ఎట్ల చెప్తవ్? ఆ మోడల్ నేను నలభై దాక పెట్టిన. గట్టిది."

పని ఉన్నదని వచ్చేసిన. చాయ్ చెప్పిండు గూడ, తాగలే. పోస్ట్ బీరువ మీద డాడీ పాత ఖాకీ అంగిల చుట్టి పెట్టిన, పారేయాలె. పొద్దుగాల చెత్త బండి వస్తది గాని రేపు ఆదివారం. సోమవారం పారేస్త.

అక్టోబర్ 12, ఆదివారం

చర్చిల పాటలైనంక పాస్టర్‌గారు "సాక్ష్యం చెప్పేటోళ్లు ఎవరన్న ఉన్నరా" అని అడిగిండు. రాహేలు లేచింది. నాకు ఒక్క ముక్క చెప్పలే ముందు.

మైకు పట్టుకొని చెప్పింది. సైకిల్ భాగం మోసం చేసింది, దేవుడు మాత్రం మోసం చెయ్యలే అన్నది. తల రాయికి తాకవలసింది, భుజం తాకింది, అదే కృప అన్నది. "మా యోహాన్ అన్న నన్ను ఎత్తుకొని రోడ్డు దాక ఉరికిండు. దవాఖానల మూడు దినాలు కుర్చీలనే పండుకున్నడు. డాడీ లేని లోటు తెల్వనియ్యలే. ఇసొంటి అన్నను ఇచ్చినందుకు స్తోత్రం."

అందరు స్తోత్రం అన్నరు. మమ్మీ కొంగు అడ్డం పెట్టుకొని ఏడ్చింది. ముందు వరుసల సాలమ్మ పెద్దమ్మ ఎనక్కి తిరిగి నా తల మీద చెయ్యి పెట్టింది.

నేను స్తోత్రం అనలే.

అక్టోబర్ 14, మంగళవారం

నాసి సామాను. అంతే.

అక్టోబర్ 18, శనివారం

లొల్లి అయ్యింది. ఆన్‌లైన్‌ల సీలు చేసిన రకం ఒకటి తక్కువల వస్తున్నది, రాహేలుకు చూపిచ్చిన. తైవాన్‌ది, రెండేండ్ల గ్యారంటీ.

"ఇది విప్పుతరా?"

"విప్పే అవసరమే ఉండది."

"అన్నా, సెలక్షన్ ఉన్నది వికారాబాద్ గుట్టల. ఎర్రమట్టి, దుమ్ము. ముందు రోజు ఖరాబైతే తైవాన్‌కు ఫోన్ చేస్తవా?"

"మరి ఏం చెయ్యమంటవ్?"

"లోపల ఏమున్నదో నాకు కనపడాలె. ఈసారి నేను గూడ నేర్చుకుంట. పాతదాన్నే ఒకసారి నాగేష్ అన్నకు చూపిద్దాం. అసలు ఏం పాడైందో తెలిస్తే, కొత్తదాంట్ల అది లేకుంట చూసుకోవచ్చు."

మాట సక్కగనే ఉన్నది. నాకే కోపం లేచింది. "పడి సచ్చేదానివి, ఇంక దాన్నే పట్టుకొని ఏలాడుతవా" అని అరిచిన. మమ్మీ వంటింట్లకెల్లి ఉరికొచ్చింది. రాహేలు నన్ను వింతగ చూసింది. నేను దాని మీద అరిచి ఎన్నేండ్లైందో.

చెత్త బండి సోమవారం వచ్చి పోయింది, బుధవారం వచ్చి పోయింది. పోస్ట్ బీరువ మీదనే ఉన్నది.

అక్టోబర్ 21, మంగళవారం

డ్యూటీ నుంచి వచ్చి బీరువ మీద చూసిన. ఖాకీ అంగి మడత పెట్టి ఉన్నది. పోస్ట్ లేదు.

"రాహేలు పట్కపోయింది, తార్నాకకు" అన్నది మమ్మీ.



అక్టోబర్ 22, బుధవారం

నిన్న నాగేష్‌కు ఇచ్చొచ్చి, ఇయ్యాల మల్ల పోయి, పొద్దుమీకి చీకటి పడంగ వచ్చింది రాహేలు. పోస్ట్‌ను బల్ల మీద పెట్టింది, కడిగి తుడిచి తళతళ మెరుస్తున్నది.

"దీనికేం కాలేదంట అన్నా."

"ఏం కాలేదంటే?"

"నా ముందలనే విప్పిండు. సీళ్లు మంచిగున్నయ్, నూనె మంచిగున్నది, వైర్ మంచిగున్నది. కొత్త సీళ్లు ఏసి ఇచ్చిండు, ఇంక రెండేండ్లు చూడక్కరలేదన్నడు."

నేను ఆ పైపును చూసుకుంట కూసున్న.

"అంటే నేనే నొక్కలే" అన్నది.

అప్పుడు చెప్పాలె. గంట కాదు, నిమిషం కాదు, ఆ క్షణంలనే చెప్పాలె. మమ్మీ చాయ్ తెచ్చింది. నేను గ్లాసు పట్టుకున్న.

"భయంల మీట మీద ఏలు పెట్టిన అనుకున్న, పెట్టలే. నువ్వు దవాఖానల అడిగినవ్ గదా, సరిగ్గ నొక్కినవా అని. నొక్కిన అన్న. నొక్కినట్టే యాది ఉన్నది నాకు. గట్టిగ నొక్కినట్టు. గదంత నా భ్రమనేమో."

లేచి లోపలికి పోయింది. చాయ్ తాగలే.

అక్టోబర్ 23, గురువారం

వర్క్‌షాప్‌ల ఎవరు లేరు. రాస్త. ఒక్కసారన్న రాస్త.

జులై 25 పొద్దుమీకి రాహేలు అన్నది, సీటు కొంచెం పక్కకు తిరుగుతున్నది అన్నా, బిగియ్యి అని. పోస్ట్‌ను ఫ్రేంకు పట్టుకునే క్లాంప్ ఉంటది, దాని మీద ఐదు అని అచ్చు కొట్టి ఉంటది. ఐదు వరకే బిగియ్యాలె. ఎంత బిగించినమో చూపే టార్క్ రెంచ్ గీ వర్క్‌షాప్‌లనే ఉన్నది, నేను కూసున్న కుర్చీకి పది అడుగుల దూరం, నా తాళం చెవే. తెచ్చుకోలే. చేత్తోనే బిగించిన. బిగిసినంక ఇంకో పావు చుట్టు తిప్పిన.

ఇంకో పావు. డాడీ ముప్పై ఏండ్లు వ్యాగన్ షాప్‌ల ఫిట్టర్. రైల్ల బోల్టు లూజైతే మనిషి పోతడు. బిగిసినంక ఇంకో పావు తిప్పాలె, అప్పుడే పండుకుంటే నిద్ర పడతది అనేటోడు. మా గల్లీల ఎవరింట్ల నల్లా చూసినా గట్లనే ఉంటది, పానా పెడితే గాని విప్పరాదు. నాకు ఏడేండ్ల వయసు నుంచి అదే చేతి వాటం. లూజ్ అంటే మా ఇంట్ల తిట్టు.

డ్రాపర్ రైలు కాదు. పైపు లోపల పైపు ఉంటది. బయటిదాన్ని పిసికితే లోపలిది కదలది. నాకు తెల్వదా? తెల్సు. డిప్లొమా చదివిన. ఆ పొద్దుమీకి మీట నొక్కి చూడలే గూడ, ఆకలైతున్నదని లోపలికి పోయిన.

తెల్లారి క్యాంపస్ ఎనక రాళ్ల దిగుడు మీద, నిచ్చెన అంటరు దాన్ని సైకిలోళ్లు, రాహేలు మీట నొక్కింది, సీటు దిగలే. సీటు నడుముకు తన్నింది, ముందలికి ఎగిరి పడ్డది. నేను కింద నిలబడి ఫోన్ల వీడియో తీస్తున్న.

దవాఖానల చేర్పిచ్చి, పొద్దుమీకి సైకిల్ తేనీకి పోయిన. మీట నొక్కిన. దిగలే. క్లాంప్ విప్పిన, పావు ఎనక్కి. మల్ల నొక్కిన. వెన్న లెక్క దిగింది.

చుట్టూ చూసిన, ఎవరన్న ఉన్నరా అని. గదే నేను. ఎవరు లేరు.

తర్వాత అందరికి చెప్పిన, పీస్ ఖరాబ్ అని. సరిగ్గ నొక్కినవా అని రాహేలును అడిగింది మాత్రం అంతకు ముందే, ఎక్స్‌రే గది బయట. సైకిల్ చూడకముందే. అంటే నాకు అప్పటికే అనుమానం ఉండె. అనుమానం నా మీద ఉండె, అడిగింది దాన్ని.

అక్టోబర్ 25, శనివారం

నాగేష్ ఫోన్ చేసి రమ్మన్నడు. షాప్‌ల ఇంకెవరు లేరు. ఎక్కిరించలే, సార్ అనలే.

"పోస్ట్ బయటి పైపు మీద క్లాంప్ అచ్చు పడ్డది యోహాన్. చుట్టూ గీత. ఎంత బిగిస్తే గట్ల పడతదో నీకు నేను చెప్పాల్నా?"

నేను స్టూల్ గుంజుకొని కూసున్న.

"ఆ పిల్ల నా ముందలనే కూసొని, తప్పు నాదేనా అన్నా అని అడిగింది. నాకు అప్పుడు గీత కనపళ్లే, సీళ్లు చూసుకుంట ఉన్న. తుడిచేటప్పుడు కనపడ్డది. నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?"

"నేనే చెప్త."

"జల్ది చెప్పు. సైకిల్ తొక్కేటోళ్లకు ఏలు మీద నమ్మకం పోతే ఇంకేం ఉండది."

ఇంటికొచ్చిన. చెప్పలే.

నవంబర్ 1, శనివారం

పాతదే పెట్టుకున్నది, నేను బిగిస్త అంటే "నువ్వు బిగియ్యి అన్నా" అని పానా నా చేతికే ఇచ్చింది. టార్క్ రెంచ్ తెచ్చి ఐదుకు బిగించిన. పది సార్లు నొక్కి చూసిన. పది సార్లు దిగింది.

నిచ్చెన దగ్గరికి పోయినం. పైనకెల్లి రెండుసార్లు వచ్చింది, అంచు దాక వచ్చి బ్రేక్ కొట్టింది. మూడోసారి సైకిల్ దిగి రాళ్ల మీదకెల్లి నడిపిచ్చుకుంట వచ్చింది. బొటనేలును ఇంకో చేత్తోని పట్టుకొని నిలబడ్డది.

"నొక్కినానా లేదా తెలుస్తలేదు అన్నా. నొక్కుతున్న, నొక్కినట్టు నమ్మకం లేదు."

"అలవాటైతది" అన్న.

అలవాటైతదట! థూ, నా బతుకు.

నవంబర్ 4, మంగళవారం

సెలక్షన్‌కు పేరు ఇచ్చే ఆఖరు తారీఖు 10. ఐదు గంటల లోపల డిపార్ట్‌మెంట్ ఆఫీసుల కాయిదం ఇయ్యాలె. రాహేలు ఇయ్యను అంటున్నది.

మమ్మీ ఉపవాసం పెట్టింది.

నవంబర్ 5, బుధవారం

కొత్త పోస్ట్ ఆర్డర్ పెట్టిన. విప్పే రకమే. 30.9, నూట ఇరవై ఐదు. మీట గూడ పెద్దది, మెత్తగ పోతది, తాకితే చాలు. అన్ని చూసి పెట్టిన. సీళ్లు విడిగ దొరుకుతయ్, నాగేష్ దగ్గరనే. నెల రోజుల నుంచి చూసిన వాట్లల్ల గిదే అన్నిటికంటె మంచిది. మీట కొత్తదైతే ఏలుకు కొత్త ధైర్యం వస్తది. పాతదాంతోని ఆ రోజు గుర్తుకొస్తది, గదే బాధ. కొత్తదైతే సెట్ అయితది. చెప్పే అవసరమే రాకపోవచ్చు.

నవంబర్ 8, శనివారం

డబ్బా వచ్చింది. రాహేలు ముందల పెట్టిన. మూత తెరిచి చూసి మల్ల పెట్టేసింది.

"నువ్వు ఎందుకు గింత పరేషాన్ అయితున్నవ్ అన్నా? కొత్త పోస్ట్ నా ఏలుకు ఏం చేస్తది?"

కోపం లేదు మాటల. జాలి ఉన్నది. నా మీద జాలి పడుతున్నది పిల్ల.

నవంబర్ 9, ఆదివారం

చర్చికి పోలే. కడుపునొప్పి అని చెప్పిన.

నవంబర్ 10, సోమవారం

చెప్పిన.

మధ్యాహ్నం మూడున్నరకు వర్క్‌షాప్‌కు తాళం ఏసి ఫోన్ చేసిన, నిచ్చెన పైకి రా అని. వచ్చింది, సైకిల్ మీదనే. పేరు ఇయ్యమని బతిమాలనీకి పిలిచిన అనుకున్నది.

"అన్నా, ఇంక అడగకు" అన్నది రాంగనే.

"సీటు నా వల్ల దిగలే" అన్న.

రెండు రోజుల నుంచి ఎన్నో తీర్ల అనుకున్న, ఎట్ల మొదలు పెట్టాలె, ముందు ఏం చెప్పాలె అని. ఏది రాలే. గిదే వచ్చింది. తర్వాత అన్ని చెప్పిన. బిగించింది, ఇంకో పావు తిప్పింది, నొక్కి చూడంది, పొద్దుమీకి పోయి విప్పింది. చుట్టూ చూసుకున్నది గూడ చెప్పిన. నా గొంతు నాకే వేరే మనిషి గొంతు లెక్క వినపడ్డది.

రాహేలు రాయి మీద కూసున్నది. హెల్మెట్ తియ్యలే.

"మల్ల చెప్పు."

"ఏది?"

"పొద్దుమీకి పోయి నొక్కితే ఏమైంది?"

"దిగలే."

"నువ్వు నొక్కినా దిగలే."

"దిగలే."

"అంటే నేను నొక్కిన."

"నొక్కినవ్."

"నొక్కిన గదా! నేను నొక్కిన! నాకు తెల్సు నేను నొక్కిన!" లేచి నిలబడ్డది. ఏడుస్తున్నది, నవ్వుతున్నది, బొటనేలు నా మొఖం ముందల పెట్టి ఊపుతున్నది. నా చెల్లెను గట్ల ఎన్నడు చూడలే. నన్ను కొడతది అనుకున్న. కొట్టినా మంచిగుండు.

తర్వాత నవ్వు ఆగిపోయింది. లెక్క పెట్టుకున్నట్టున్నది.

"మూడున్నర నెలలు" అన్నది. "నేను సాక్ష్యం చెప్పిన. మైకుల. నీ పేరు చెప్పి."

"అవును."

"నువ్వు గాడ కూసొని విన్నవ్."

"విన్న."

"బిగించుడు తప్పు. ఎవరన్న చేస్తరు, డాడీ ఉన్నా గదే చేస్తుండె. మరి నేను నా ఏలును తిట్టుకుంట ఉంటే? అలవాటైతది అన్నవ్ గదనే అన్నా? గాడ, గా కింద నిలబడి."

తప్పైంది అన్న. ఆ మాట చాలదని తెల్సు, అయినా అన్న. నీళ్లు కారుతుంటే తుడుచుకోలే.

రాహేలు ఫోన్ల టైం చూసింది. నాలుగు ఇరవై. కాయిదం బ్యాగ్‌లనే ఉన్నది. నింపి, సంతకం పెట్టి, ఎన్ని రోజుల నుంచి మోస్తున్నదో. సైకిల్ మీద కూసొని అంచు దాక పోయింది. రోడ్డు మీదకెల్లి పోతదనుకున్న. నా దిక్కు తిరిగి చూడలే. మీట నొక్కింది, టక్ అని సీటు దిగిన చప్పుడు నాకు పైకి వినపడ్డది. నిచ్చెన మొత్తం ఒక్క ఊపుల దిగింది, కింద కాలు గూడ ఆనియ్యలే. అటే చెట్ల నడుమకెల్లి డిపార్ట్‌మెంట్ దిక్కు పోయింది.

నేను గాడనే కూలబడ్డ.

నవంబర్ 11, మంగళవారం

పేరు ఇచ్చింది. నాతోని మాట్లాడుతలేదు.

నవంబర్ 13, గురువారం

మమ్మీకి నేనే చెప్పిన. అన్నం పెట్టుకుంట విన్నది. గంటె గిన్నెల పడేసింది.

"మీ నాయిన బోల్టు బిగిస్తే వందమంది సల్లగ పోయేటోళ్లు. తప్పు చేసిననాడు ఫోర్‌మన్ కాడికి ఆయననే పోయి చెప్పేటోడు, ఎవరు పట్టుకోకముందే. నీకు పావు తిప్పుడు వచ్చింది గాని అది రాలే."

రెండు పూటలు నాకు అన్నం పెట్టలే. నేనే పెట్టుకున్న.

నవంబర్ 15, శనివారం

కొత్త డబ్బా వాపస్ పంపిన. రాహేలు పాతదాంతోనే తొక్కుతున్నది. పొద్దుగాల, పొద్దుమీకి, నిచ్చెన మీద ఎనిమిది సార్లు, పది సార్లు. రోజు రాంగనే తనే విప్పుతది, తుడుస్తది, పెడతది, నాగేష్ దగ్గర తెచ్చుకున్న రెంచ్ పెట్టి తనే బిగిస్తది. నేను ఆ గదిలకు పోతే పని ఆపి కూసుంటది, నేను బయటికొచ్చేదాక.

పొద్దున "నీళ్లు వచ్చినయ్" అని నాకు చెప్పక తప్పలే రాహేలుకు. అన్నా అనలే. గోడకు చెప్పినట్టు చెప్పింది.

నవంబర్ 21, శుక్రవారం

రేపు పొద్దుగాల నాలుగింటికి నాగేష్ బండిల పోతరు. బండిల ఇంకో ఇద్దరికి జాగ ఉన్నది, మమ్మీ పోతున్నది. నన్ను ఎవరు అడగలే. పులిహోర పొట్లాలు మాత్రం నేను కట్టిన.

నవంబర్ 22, శనివారం

వర్క్‌షాప్ తెరిచి కూసున్న, పని లేకున్నా. పదకొండున్నరకు మమ్మీ ఫోన్. చుట్టూ లొల్లి, ఏం వినపడుతలేదు. "మూడు, మూడు" అంటున్నది. మూడో రౌండ్ల పడ్డదా అని ఫోన్ల అరిచి అడిగిన. నాగేష్ ఫోన్ గుంజుకొని చెప్పిండు, మూడో ప్లేస్, నలుగురిని తీసుకుంటున్నరు, పేరు చదివిండ్రు అని.

ఫోన్ పెట్టేసి బల్ల మీద తల పెట్టుకున్న. స్తోత్రం అన్న, బయటికే. వినేటోళ్లు ఎవరు లేరు.

నవంబర్ 24, సోమవారం

ఇయ్యాల పొద్దుమీకి డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విడుస్తున్న. రాహేలు సైకిల్‌ను లోపలికెల్లి నడిపిచ్చుకుంట వచ్చి నా ముందల నిలబెట్టింది. ఎర్రమట్టి ఇంక కడగలే.

"ఎనక బ్రేక్ రుద్దుతున్నది. నాకు సెట్ అయితలేదు" అన్నది.

పానాల డబ్బా తెచ్చి కింద పెట్టింది. పీట తెచ్చుకొని నా పక్కనే కూసున్నది, మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని.

"చెయ్యి. నేను చూస్త."

చేసిన. బ్రేక్‌ను వదులు చేసి, చక్రం తిప్పి, రుద్దుడు పోయేదాక జరిపిన. ప్రతిది చూస్తున్నది, కండ్లు ఆర్పుతలేదు. మమ్మీ వంటింటి గడప కాడ నిలబడ్డది, లోపలికి పోలే. ఆఖరికి బోల్టు బిగియ్యాలె. చెమటకు పానా జారింది, అంగికి తుడుచుకొని మల్ల పట్టుకున్న. నెమ్మదిగ తిప్పిన. బిగుస్తున్నది. ఇంక కొంచెం తిప్పిన.

"చాలు అన్నా" అన్నది.

ఆపేసిన.